రెండు ఊళ్ళ చెవి

ఆమెను అందరూ పళ్ళమ్మ అనేవారు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం పేరు విని ఆమె బత్తాయిలో ద్రాక్షో అమ్ముతుందనుకునేవారు. ఒకసారి ఒకాయన తలుపు తట్టి, "పళ్ళు తాజావేనాండీ?" అని అడిగాడు. "తాజావేనండీ, నిన్ననే పోసింది, కానీ నమలాలంటే మీ నోటి కొలత కావాలి" అని జవాబిచ్చాడు పళ్ళమ్మ భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరిగి వచ్చే మనిషి కనుక ఇంట్లో నింపాదిగా కూర్చుని జోకులు వేయడానికే ఇష్టపడేవాడు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. పైపళ్ళు, కిందిపళ్ళు రెండు సెట్లూ కోడలు చేసినవే. కోడలు చేసిన పళ్ళతో కోడల్నే తిట్టగలిగే అదృష్టం ఈ వీధిలో తనకొక్కదానికే ఉందని ఆవిడ గొప్పగా చెప్పుకునేది.

ల్యాబు దంతవైద్యురాలి క్లినిక్కు వెనక గదిలో ఉంది. పొడవాటి బల్ల, ప్లాస్టర్ మరకలతో తెల్లబడిపోయిన సింకు, స్పిరిట్ దీపం, మైనం చెక్కే కత్తులు, గోడ పొడవునా అరలు. ఆ అరల్లో ఊళ్ళోవాళ్ళ దవడలన్నీ ప్లాస్టర్ రూపంలో నంబర్లు తగిలించుకుని కూర్చుని ఉండేవి. నాణేల సారు మొదటిసారి ఆ గదిలోకి తొంగిచూసింది ఆ అరల కోసమే.

ఆయన మ్యూజియంలో నాణేల గదికి అధికారి. కింది దవడలో రెండు పళ్ళు కట్టించుకోవడానికి వచ్చి, డాక్టరమ్మ పిలిచేదాకా ఊరికే కూర్చోలేక వెనక్కి వచ్చాడు. తాడు కట్టిన కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని ఒక దవడను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"ఇంత సన్నటి గీత కూడా పడుతుందా అమ్మా ప్లాస్టర్లో?"

"పడకపోతే పన్ను కూర్చోదు సార్," అంది పళ్ళమ్మ, మైనం మీదనుంచి తల ఎత్తకుండానే.

వారం తిరక్కుండా ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి పంటి కోసం కాదు. పొలంలో పైపు వేస్తుంటే మట్టికుండలో మూడువందల పన్నెండు వెండి నాణేలు బయటపడ్డాయట. రోమన్ల కాలం నాటివి. బైబిల్లో దేనారము అంటారే, అవే. ఆరు నెలల్లో వాటిని రాజధానిలోని పెద్ద మ్యూజియానికి పంపేయాలి. పంపేలోపు ప్రతి నాణేనికీ రెండువైపులా ప్లాస్టర్ బిళ్ళలు పోసి దాచుకోవాలని ఆయన కోరిక. ఫోటోలో వెలుగు ఎటుపడితే అటు ముక్కు పెరుగుతుంది, తరుగుతుంది. ప్లాస్టర్ బిళ్ళనైతే వేలితో తడిమి చూసుకోవచ్చు. వారానికి రెండు మధ్యాహ్నాలు వస్తే చాలన్నాడు. అచ్చులు తీయడానికి మ్యూజియంలో ఉన్న పాత సిలికాన్ డబ్బా చూపించాడు. అది గడ్డకట్టిపోయింది. పళ్ళమ్మ డబ్బాను అటూ ఇటూ ఊపి చూసి, "దీంతో పూస్తే నాణెం కూడా రాదు సార్ బయటికి. నేను తెస్తాను," అంది. అలా ఒప్పుకుంది.

నాణేల గది రెండో అంతస్తులో, కిటికీకి ఇనుప జాలీ ఉన్న చిన్న గది. తలుపు తీయాలంటే రెండు తాళాలు, రెండు సంతకాలు కావాలి. బల్ల మీద పచ్చ గుడ్డ, దాని మీద మూడు చెక్క పళ్ళేలు. ఒక్కో పళ్ళెం మీద ఒక కాగితం ముక్క: రోమా, ఎమెసా, లవొదికయ.

సారు మొదటి రోజే ఓపిగ్గా వివరించాడు. "ఇవన్నీ ఒకే చక్రవర్తివి. సెవెరస్. రాజ్యం పెద్దది, సైన్యం పెద్దది. అందుకని ఒక్క రోము నగరంలోనే కాకుండా తూర్పున సిరియాలోని ఎమెసా, లవొదికయ ఊళ్ళలో కూడా టంకశాలలు పెట్టి కొట్టించారు. ఒక ఇనుప దిమ్మె మీద బొమ్మను తిరగేసి చెక్కుతారు, ఇంకో దాని మీద బొరుసు. మధ్యలో వెండిబిళ్ళ పెట్టి, పైనుంచి సుత్తితో ఒక్క దెబ్బ. ఎక్కడ కొట్టినా మొహం అదే, గడ్డం అదే. కానీ చెక్కిన చేయి వేరు కదా. తూర్పువాళ్ళకు లాటిను రాదు. అక్షరాలు వంకరపోతాయి, ఒక్కోచోట తప్పులు కూడా. అదీ గుర్తు."

"ఊరి పేరు రాయరా నాణెం మీద?"

"రాయరు. అదే కదా మన తలనొప్పి."

పళ్ళమ్మకు మొదట ఆ మొహాలన్నీ ఒక్కలాగే కనిపించాయి. గడ్డపాయన అని పేరు పెట్టుకుని, వేలెడు రబ్బరు ముద్దలో గడ్డపాయన్ను అదిమి, అచ్చు తీసి, గట్టి ప్లాస్టర్ కలిపి పోసి, బిళ్ళ ఆరాక అంచులు చెక్కి, వెనక పెన్సిలుతో నంబరు వేసేది. ఒక మధ్యాహ్నానికి పన్నెండు నాణేలు. పళ్ళకంటే తేలికే అనుకుంది.

నాలుగో వారానికి సారు బిళ్ళలు ముందేసుకుని కూర్చున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పళ్ళెంలోంచి అసలు నాణెం తీసి పక్కన పెట్టుకున్నాడు. పళ్ళమ్మ రబ్బరు ముద్ద పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఈ నాణెం మీద అక్షరాల మధ్య చిన్న చుక్కలున్నాయి. బిళ్ళ మీద లేవు."

"చుక్కలా? అవి గాలిబుడగలు కదా సార్. అచ్చులో గాలి చేరితే ప్లాస్టర్ మీద మొటిమలా లేస్తుంది. నేనే గీకేశాను."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తూర్పు నాణేలను గుర్తుపట్టడానికి అక్షరాల వంకర తర్వాత ఆయన ఎక్కువగా నమ్ముకున్నది ఆ చుక్కల్నే. ఇరవై మూడేళ్ళుగా మొటిమ కనపడితే గీకేయడమే పళ్ళమ్మ చేతికి అలవాటు. గీకకపోతే పంటిసెట్టు చిగుర్లో గుచ్చుకుంటుంది. ఇక్కడ ఆ చేయే పద్దెనిమిది వందల ఏళ్ళనాటి గుర్తును, కనీసం ప్లాస్టర్ మీదైనా, ఊడ్చిపెట్టేసింది.

"తిడితే బాగుండేదండీ," అంది ఆ సాయంత్రం భర్తతో. "ఏమీ అనలేదు. అదే బాధగా ఉంది."

"లిఫ్టు ఆగిపోతే నన్ను తిట్టకుండా ఎవరూ ఊరుకోరు. నీకు మంచి సారు దొరికాడు."

నలభై ఆరు బిళ్ళలు మళ్ళీ పోసింది. ఈసారి ప్రతి చుక్క దగ్గరా ఆగింది. ఇది నాణెం మీదిదా, బుడగా? అసలు నాణెం చూడాలి, మళ్ళీ బిళ్ళ చూడాలి. కొన్నిచోట్ల నాణెం మీదే అరిగిపోయి, అది చుక్కో, కిలుము గడ్డో తేలేది కాదు. చుక్కల్ని నమ్మడం ఆమెకు చేతకాలేదు. చుక్క కాకుండా ఇంకేదైనా పట్టుకోవాలనిపించింది. అలా వెతుకుతూ వెతుకుతూ గడ్డపాయన చెవి దగ్గర ఆగిపోయింది.

చెవి చెక్కడం చిన్న పనే. కానీ చిన్న పనిలోనే చేయి దొరికిపోతుంది. వెనకదంతం మీద గుంటలు చెక్కేటప్పుడు ఎవరి కత్తి ఎటు తిరుగుతుందో పళ్ళమ్మ దవడ చూసి చెప్పగలదు. ఒక బిళ్ళ మీద చెవి చిన్న గుండ్రటి గింజలా ఉంది. ఇంకో దాని మీద అర్ధచంద్రంలా. కొన్నిటి మీద మాత్రం చెవి ముందువైపు చిన్న కొక్కెంలా వంగి, కొస తేలిగ్గా పైకి లేచింది. కొక్కెం చెవి. ఆ చేయి ఒకడిదే. ఆ విషయంలో ఆమెకు రవ్వంత అనుమానం లేదు.

సారు గదిలో లేనప్పుడు బిళ్ళల్ని చెవిని బట్టి కుప్పలు పెట్టింది. మూడు కుప్పలు కావాల్సింది ఏడయ్యాయి. ఆపైన కొక్కెం చెవి కుప్ప వెనక నంబర్లు చూసి ఆమెకు మతిపోయింది. అందులో పద్నాలుగు సారు లవొదికయ పళ్ళెంలోవి. తొమ్మిది రోమా పళ్ళెంలోవి.

సారు వచ్చి కుప్పలు చూశాడు.

"ఇవెందుకు కలిపారు?"

"ఒక్క చేయే సార్ ఇది."

"కుదరదమ్మా. ఇవి రోములో కొట్టినవి. ఇవి సిరియాలో. మధ్యలో సముద్రముంది. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఎలా ఉంటాడు?"

పళ్ళమ్మ బిళ్ళల్ని మళ్ళీ నంబర్ల వరుసలోకి సర్దింది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. తను పన్నెండో తరగతి చదివి ప్లాస్టర్లో పడ్డ మనిషి. తప్పు తనదే అయ్యుంటుంది. ఇంటికెళ్ళే దారిలో అనుకుంది, చెవి అనేది అంతా ఒకే రకంగా నేర్పించి ఉంటారేమో. మరుసటి వారం మళ్ళీ చూస్తే అబ్బే, అదే చేయి. ఇంకో వారం చూస్తే తొమ్మిదిలో రెండు ఆ చేయి కావేమో అనిపించింది. ఇంకో రోజు ఆ రెండూ కచ్చితంగా ఆ చేయే అనిపించి, మిగతావి అనుమానంగా కనిపించాయి. చూసినకొద్దీ చూపు మీద నమ్మకం పోయింది.

విచిత్రం ఏమిటంటే, సారు కూడా కుదురుగా లేడు. ఒక బుధవారం ఆయన రోమా పళ్ళెంలోంచి మూడు నాణేలు తీసి లవొదికయలో పెట్టాడు. శనివారానికి రెండు మళ్ళీ రోమాకు వచ్చేశాయి. పై బుధవారం చూస్తే ఆ రెండూ పళ్ళేలకు మధ్యన, పచ్చ గుడ్డ మీద, ఏ ఊరూ లేకుండా పడున్నాయి.

"ఏమైంది సార్?"

"మీ చెవి నా కంట్లో పడింది," అన్నాడు ఆయన నీరసంగా. "అక్షరాలు చూస్తే రోము. చెవి చూస్తే తూర్పు. ఇప్పుడు నాకు నిద్ర లేదు."

ఆ తికమక నాణేల గదిలోనే ఆగితే బాగుండేది. అది పళ్ళమ్మ వెంట ల్యాబుకు వచ్చింది. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్లు చెప్పే ఒకాయన పైసెట్టు చేయించుకున్నాడు. పళ్ళమ్మ ముందుపళ్ళను చూస్తూ గడ్డపాయన గురించి ఆలోచించిందో ఏమో, వెంట్రుకవాసి ముందుకు పేర్చింది. రెండు రోజుల్లో ఆయన సెట్టును రుమాల్లో చుట్టుకుని వచ్చాడు.

"అమ్మా, 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది. నిన్న మైకులో 'సమయపాలన' అన్నాను. గార్డు విజిల్ అనుకుని జనం రైలు వెనక పరిగెత్తారు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇరవై మూడేళ్ళలో నీ దగ్గరనుంచి ఒక్క సెట్టు వెనక్కి రాలేదు. ఏమైంది నీకు? ఆ మ్యూజియం గొడవ వదిలేయరాదూ?"

పళ్ళమ్మ తల వంచుకుంది. వదిలేసింది కూడా. రెండు వారాలు మ్యూజియం వైపు పోలేదు. ఫోను వస్తే భర్తతో ఒంట్లో బాగోలేదని చెప్పించింది. భర్త ఆ అబద్ధం చెప్తూ, "ఆమెకు చెవి నొప్పండీ," అన్నాడు. ఆ మాటకు అవతల ఆయన ఏమనుకున్నాడో మరి.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నం పడక కుర్చీలో కూర్చుని పళ్ళు తీసి గిన్నెలో వేసుకుంటూ, "ఏమే, పనికి ఎందుకు పోవడం లేదు?" అంది.

"నాకు అర్థం కావడం లేదత్తయ్యా. ఒక్క చేయి రెండు ఊళ్ళలో కనపడుతోంది. అలా కుదరదంటారు. నా కళ్ళే పాడయ్యాయి."

పళ్ళు లేకుండా మాట్లాడితే ఆవిడ మాట సగం గాలిలో కలిసేది. "ఎవరన్నారు కుదరదని?"

"సార్."

"ఆయన చూశాడా?"

"ఎప్పటి సంగతో అది. ఎవరు చూస్తారు?"

"మరైతే నీకంటే ఆయనకేం ఎక్కువ తెలుసు," అని ఆవిడ కళ్ళు మూసుకుంది. పళ్ళమ్మకు ఆ మాట ధైర్యమివ్వలేదు సరికదా, చిరాకు తెప్పించింది. చదువుకున్నాయన్ను పట్టుకుని అంత మాట అనేస్తే సరిపోతుందా?

అనౌన్స్‌మెంట్ల ఆయన సెట్టు సరిచేసే పని మిగిలే ఉంది. ముందుపళ్ళు తీసి, కొత్త మైనంలో నిలబెట్టి, సెట్టును ఆయన దవడ నమూనా మీద కూర్చోబెట్టింది. అంచులకు రెండు వేళ్ళు ఆనించి నొక్కి చూసింది. ఊగలేదు. ఊగితే అది ఆ నోటిది కాదు. కంటికి ఎంత సరిగ్గా కనపడనీ, నోటికి చెందని సెట్టు ఎక్కడో ఒకచోట ఊగి తీరుతుంది. అలా నొక్కుతూ ఉండగానే ఆమె చేయి ఆగిపోయింది.

మర్నాడు చెప్పకుండా మ్యూజియానికి వెళ్ళింది. సారు ఎందుకు రాలేదని అడగలేదు. "చెవి నొప్పి తగ్గిందా?" అన్నాడు. ఆమె తల ఊపింది.

సొరుగులో రబ్బరు అచ్చులన్నీ నంబర్ల వారీగా దాచి ఉన్నాయి. కొక్కెం చెవి నాణేల అచ్చుల్ని బయటికి తీసింది. రోమా పళ్ళేనికి చెందిన తొమ్మిది ప్లాస్టర్ బిళ్ళల అంచుల్ని కత్తితో చెక్కి, మొహం మాత్రమే మిగిల్చి, ఒక్కొక్కటిగా లవొదికయ అచ్చుల్లో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఒకే దిమ్మెతో కొట్టిన నాణేలైతే ఒకదాని మొహం ఇంకోదాని అచ్చులో అమరాలి. వేరే దిమ్మె అయితే, చెక్కింది ఒకే చేయి అయినా, ముక్కు దగ్గరో గడ్డం దగ్గరో అడ్డం పడుతుంది.

తొమ్మిది బిళ్ళలు, పద్నాలుగు అచ్చులు. ఒకటి ముక్కు మీద ఊగింది. ఒకటి మెడ దగ్గర లేచింది. సారు ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. గంటన్నర గడిచింది. అన్నీ ఊగుతున్నాయి. పళ్ళమ్మకు ఒక విధంగా హాయిగా కూడా అనిపించింది. ఆయనే కరెక్టు, తన కళ్ళదే తప్పు, ఇక ఇంటికెళ్ళి పళ్ళు చేసుకోవచ్చు.

యాభై ఎనిమిదో నంబరు బిళ్ళ రెండువందల ముప్పై ఒకటో నంబరు అచ్చులోకి మెత్తగా జారి కూర్చుంది. నొక్కింది. ఊగలేదు. తిప్పి చూసింది. బయటికి తీస్తే చిన్నగా గాలి పీల్చిన చప్పుడైంది.

"సార్, మీరు ఒకసారి పెట్టండి."

ఆయన పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. అసలు నాణేలు రెండూ తీసి భూతద్దం కింద పక్కపక్కన పెట్టాడు. గడ్డపాయన గడ్డం కింద వెంట్రుకంత గీత ఒకటి రెండిటి మీదా ఉంది. దిమ్మె పగులు బారడం మొదలైతే వచ్చే గీత అది. యాభై ఎనిమిదో నాణెం మీద పొట్టిగా ఉంది, రెండువందల ముప్పై ఒకటో దాని మీద మెడ దాకా పాకింది.

"ఒకే దిమ్మె," అన్నాడు చివరికి. "ముందు ఇది కొట్టారు. తర్వాత అది." భూతద్దం పక్కన పెట్టి, "ఇలా ఉండకూడదు," అన్నాడు.

తన కళ్ళు పాడవలేదని తేలినా పళ్ళమ్మకు సంతోషం కలగలేదు. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఉండటమే అర్థం కాకుండా ఉంటే, ఇప్పుడు ఇనుప దిమ్మె కూడా రెండు ఊళ్ళలో ఉంది. దిమ్మెను సంచిలో వేసుకుని సముద్రం దాటారా? లేకపోతే రెండు నాణేలూ ఒకే ఊరివా? ఒకే ఊరివైతే ఆ ఊరు ఏది? ముప్పై ఏళ్ళ అనుభవమున్న మనిషి ఒక పళ్ళెంలో పెట్టింది ఇంకో పళ్ళేనిదా? అలాగైతే మిగిలిన మూడువందల పది సంగతేమిటి? ఒక దారం లాగితే గుడ్డంతా చేతిలోకి వచ్చేసినట్టుగా ఉంది.

సారు తన పాత గురువుకు కబురు పెట్టాడు. పది రోజుల తర్వాత ఆవిడ బస్సు దిగి వచ్చింది. పొట్టి మనిషి, భుజానికి గుడ్డ సంచి, ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయింది. ఆవిడను సారు ప్రొఫెసరమ్మ అని పిలవడం పళ్ళమ్మకు వింతగా తోచింది. ఈయనకు కూడా భయపడాల్సిన మనిషి ఒకరున్నారన్నమాట.

ప్రొఫెసరమ్మ నాణేలు ముట్టుకోకముందు పళ్ళేల మీది కాగితాలు చూసింది.

"ఎమెసా అని ఎవరు రాశారు?"

"నేనేనండీ. పుస్తకంలో అలాగే ఉంది కదా," అన్నాడు సారు.

"పుస్తకంలో ఉంది. రాసినాయన అంచనా వేశాడు. ఆయన్ను చూసి నేను రాశాను. నన్ను చూసి నువ్వు రాశావు. తూర్పు అని చెప్పగలం నాయనా. ఏ ఊరో దేవుడికే తెలియాలి."

పళ్ళమ్మ ఆ కాగితాల వైపు మళ్ళీ చూసింది. ఇన్నాళ్ళూ ఆ మూడు కాగితం ముక్కల్ని ఆమె డాక్టరమ్మ రాసిచ్చే చీటీల్లాగే నమ్మింది. పై దవడ అంటే పై దవడే, ఎడమ అంటే ఎడమే. ఇవి అంచనాలని ఎవరూ చెప్పలేదు.

"అంటే సార్ తప్పు రాశారాండీ?" అని అడిగేసి, నాలుక్కరుచుకుంది.

"తప్పని కాదమ్మా. ఇప్పటిదాకా తప్పని రుజువు చేసినవాళ్ళు లేరు. అంతవరకే."

ఆవిడ బిళ్ళను అచ్చులో పెట్టి చూసింది. ఊగుతుందేమోనని గట్టిగా నొక్కింది. తర్వాత రెండు గంటలు ఆవిడా సారూ వాదించుకున్నారు. రోము నుంచి చెక్కేవాళ్ళను తూర్పుకు పంపారేమో, వాళ్ళు దిమ్మెలు కూడా పట్టుకెళ్ళారేమో అని ఆవిడ. పగులుబారిన దిమ్మెను అంత దూరం ఎవరు మోస్తారు, రెండూ రోమువే అయ్యుండాలి అని ఈయన. అయితే రెండూ తూర్పువే ఎందుకు కాకూడదు అని ఆవిడ. ఒక దశలో ఇద్దరూ ఒకరి వాదన ఒకరు మార్చుకున్నారు. పళ్ళమ్మకు అది గమనించాక నవ్వొచ్చింది, కానీ ఎవరు ఎటు ఉన్నారో తనకు కూడా తెలియలేదు.

చివరికి ప్రొఫెసరమ్మ ఆమె వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. చూసింది నువ్వు. ఏమంటావు?"

పళ్ళమ్మ పచ్చ గుడ్డ మీద చేతులు పెట్టుకుంది. "ఒకే దిమ్మె అని చెప్పగలనండీ. అందులో తేడా లేదు. ఏ ఊరంటే మాత్రం... నేను దవడ చూసి ఎవరు చేశారో చెప్తాను. ఎక్కడ కూర్చుని చేశారంటే చెప్పలేను. మా ల్యాబులో నేర్చుకున్నమ్మాయి పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయింది. అక్కడ కూర్చుని నాలాగే గుంట చెక్కుతుంది. ఆ పన్ను ఎవరైనా చూస్తే ఇక్కడిదే అంటారు." యాభై ఎనిమిదో బిళ్ళను అచ్చులోంచి తీసింది. "కానీ అది చేయి సంగతి. దిమ్మె సంగతి వేరు కదా. దిమ్మెకు పెళ్ళి కాదు."

ప్రొఫెసరమ్మ నవ్వింది. సారు నవ్వలేదు. కాగితం తీసి ఏదో రాశాడు, చించేశాడు, మళ్ళీ రాశాడు. నాలుగో పళ్ళెం తెప్పించి ఇరవై మూడు కొక్కెం చెవి నాణేలూ అందులో పెట్టి, దాని మీద 'తేలలేదు' అని రాసిన కాగితం పెట్టాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి కాగితం రాయడం అదే మొదటిసారి అని తర్వాతెప్పుడో చెప్పాడు.

నాణేలు వ్యాను ఎక్కి వెళ్ళిపోయాయి. ప్లాస్టర్ బిళ్ళలు మ్యూజియంలోనే మిగిలాయి. ఏడాదిన్నరకు సారు అచ్చువేసిన చిన్న పుస్తకం తెచ్చిచ్చాడు. అందులో యాభై ఎనిమిదో నంబరు, రెండువందల ముప్పై ఒకటో నంబరు పక్కపక్కనే ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో పది లైన్లు. పళ్ళమ్మ రెండుసార్లు చదివింది. భర్త మీద కోపం వచ్చినంత కోపం వచ్చింది ఆ పది లైన్ల మీద. అందులో మూడు దారులు చెప్పి మూడూ కావొచ్చని రాశారు.

"ఇంతకీ ఏ ఊరు తేల్చారు?" అన్నాడు భర్త.

"ఏదీ తేల్చలేదు."

"ఆరు నెలలు కూర్చుని ఇద్దరు చదువుకున్నవాళ్ళూ, నువ్వూ?"

"ఆ ఆరు నెలలకు ముందు వాళ్ళకు తెలుసు," అంది పళ్ళమ్మ. "నేను వెళ్ళాకే తెలియకుండా పోయింది."

అనౌన్స్‌మెంట్ల ఆయన ఈల ఎప్పుడో పోయింది. డాక్టరమ్మ మళ్ళీ మునుపటిలాగే మాట్లాడసాగింది. అత్తగారు కొత్త సెట్టు కావాలని గొడవ మొదలుపెట్టింది. పళ్ళమ్మ మళ్ళీ దవడల మధ్యే కూర్చుంది. అయితే అప్పటిదాకా లేని అలవాటొకటి వచ్చింది. ప్లాస్టర్ మీద మొటిమ కనపడితే వెంటనే గీకేయకుండా, ఇది బుడగేనా అని ఒక్క క్షణం ఆగేది. దానివల్ల పని కాస్త ఆలస్యమయ్యేది.

వానాకాలం మొదట్లో ప్రొఫెసరమ్మ దగ్గర్నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. ఇంకెక్కడో ఇంకో కుండలో దొరికిన అరవై గడ్డపాయనల ఫోటోలు, పెద్దవి చేసి పంపింది. తోడుగా ఒక చీటీ: 'చెవి చూసి వేరుచెయ్యి. తొందరేం లేదు.'

ఆదివారం మధ్యాహ్నం పళ్ళమ్మ భోజనాల బల్ల తుడిచి ఫోటోలు పరిచింది. భర్త పక్కన నిలబడి చూశాడు. కొక్కెం చెవులు ఒకవైపు, కానివి ఒకవైపు అనుకుంది. మొదటి పది చకచకా సాగాయి. పదకొండో దాని దగ్గర ఆగింది. కొక్కెం ఉంది, కానీ కొస పైకి లేవలేదు. వెలుగు అలా పడిందేమో. చేయి అదేనేమో, ఆ రోజు కత్తి మొద్దుబారిందేమో. దాన్ని రెండిటికీ మధ్యన పెట్టింది. పన్నెండోది కూడా అక్కడికే పోయింది.

సాయంత్రానికి మధ్యలోని కుప్పే అన్నిటికంటే పెద్దదైంది. భర్త భోజనానికి బల్ల కావాలన్నాడు. కుప్పలు కలిసిపోకుండా ఎలా తీయాలో తోచక, పళ్ళమ్మ కంచాలు నేల మీద పెట్టింది.